భయపెట్టే పాటల్లో మూడో స్థానం

నేను జీవితంలో రాసింది ఒకే ఒక్క పాట. దానికి మొన్నీమధ్య మూడో స్థానం వచ్చింది. దేంట్లో అంటే, "అందరూ పాడుకునేవే, కానీ సరిగ్గా వింటే ఒళ్ళు జలదరించే పది పాటలు" అని ఎవరో ఇంటర్నెట్టులో పెట్టిన జాబితాలో.

ఆ జాబితాను నాకు పంపింది మా బావమరిది. నాకేదైనా చెడ్డవార్త చేరవేసే అవకాశం దొరికితే వాడికి ఆ పూట ఆకలి వెయ్యదు. "కంగ్రాచులేషన్స్ బావా" అని రాసి, కింద పకపకా నవ్వే బొమ్మలు ఏడు పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. నా పాట భయపెడుతుందా? జనం ముప్ఫై ఏళ్ళుగా కూనిరాగాలు తీస్తున్న ప్రేమగీతం భయపెడుతుందా? ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, మొదటి రెండు స్థానాలు ఏ పాటలకిచ్చారో చూశాక ఇంకా మండింది. ఆ రెండూ నా పాట కాలిగోటికి సరిపోవు. భయపెట్టడంలో కూడా నాకు దక్కాల్సింది దక్కలేదని రెండు రోజులు కుమిలిపోయాను.

ఇంతకీ నేనెవరో చెప్పలేదు. ముప్ఫై నాలుగేళ్ళు కరెంటు డిపార్టుమెంటులో మీటరు రీడరుగా పనిచేసి, పోయినేడు రిటైరయ్యాను. అన్నేళ్ళు తిరిగిన వీధుల్లో నా పేరు ఒక్కరికీ తెలియదు. "కరెంటాయన వచ్చాడు, కుక్కను కట్టెయ్యండి" అనేవారు. కొన్ని ఇళ్ళలో కట్టడం మర్చిపోయి ఆ మాట అనేవారు. చంకలో రీడింగు పుస్తకం, చెవి మీద పెన్సిలు, జేబులో టార్చి. మెట్ల కింద, బాత్రూముల వెనక, చెప్పుల స్టాండుల పైన, మనుషులు మీటర్లను ఎక్కడెక్కడ దాస్తారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నా రూటులోకి ఒక కుట్టుపనివాళ్ళ ఇల్లు వచ్చింది. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. తల్లి బట్ట కత్తిరించేది, కూతురు కుట్టేది. తండ్రి ఏదో గోడౌనులో పని చేసేవాడు. మీటరు వరండాలో, సరిగ్గా ఆ కిటికీ పక్కనే ఉండేది. ఆ కాలపు మీటర్లలో అద్దం వెనక ఒక అల్యూమినియం చక్రం తిరుగుతూ ఉండేది. ఇంట్లో ఎంత కరెంటు వాడితే అది అంత జోరుగా తిరిగేది. ఇస్త్రీపెట్టె పెడితే గిర్రుమనేది. పంకా ఒక్కటే ఉంటే తాపీగా నడిచేది. లోపలికి తొంగి చూడకుండానే ఆ అమ్మాయి ఏం చేస్తోందో నేను చెప్పగలిగేవాణ్ణి. దీన్నే ప్రేమంటారని నేను అనుకున్నాను.

నెలకోసారి తీయాల్సిన రీడింగును వారానికోసారి తీయడం మొదలుపెట్టాను. తర్వాత వారానికి రెండుసార్లు. చేతిలో పుస్తకం ఉన్నవాణ్ణి ఎందుకొచ్చావని ఎవరడుగుతారు? నేను వరండా ఎక్కగానే లోపల దీపం ఆరిపోయేది. పంకా ఆగిపోయేది. చక్రం నెమ్మదించి, ఇంకా నెమ్మదించి, నిలబడిపోయేది. ఆహా, ఈ పిల్లకు ఎంత సిగ్గు, అని నేను మురిసిపోయేవాణ్ణి. అలా మురిసిపోతూ రాసిందే ఈ పాట:

"ఎటు వెళ్ళినా నీ వెనకే నేనుంటా
ఎవరొద్దన్నా నీ గడపే కాస్తుంటా
నువ్వు వేసిన అడుగుల లెక్క నాకు తెలుసు
నువ్వు మూసిన తలుపుల లెక్క నాకు తెలుసు"

అన్నీ లెక్కలే. మీటరు రీడరు ప్రేమలో పడితే అంతకంటే ఏం రాస్తాడు? మా ఆఫీసులో ఒక లైన్‌మన్ సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. వాడు దీనికి ట్యూను కట్టాడు. మూడు చరణాలు రాశాను మొర్రో అంటే, మూడోది వినకుండానే "రెండు చాల్లే, జనానికి ఇళ్ళకు వెళ్ళే పనుంటుంది" అన్నాడు. స్టేజీ మీద పాడితే ఈలలు పడ్డాయి. ఒక క్యాసెట్టు కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళి పెద్ద గాయకుడి చేత పాడించారు. క్యాసెట్టు చేతికొచ్చాక అట్ట తిప్పి చూసుకుంటే, "రచన: జానపదం" అని ఉంది. ఇరవయ్యారేళ్ళకే, బతికుండగానే, నేను జానపదమైపోయాను.

ఆ తర్వాత ఆ పాట వినబడని చోటు లేదు. బస్సుల్లో, సెలూన్లలో, సెల్‌ఫోన్లు వచ్చాక కాలర్ ట్యూన్లలో. ఈమధ్య ఎవరో కుర్రకారు దాన్ని బాగా సాగదీసి, పియానో మీద పాడి కొత్తగా వదిలారు. ఎక్కడ వినబడినా "ఇది నేనే రాశాను" అని నేను చెప్పకుండా ఉండలేను. నమ్మినవాడు లేడు. సెలూనులో చెబితే బార్బరు "తల కదపకండి" అన్నాడు.

నమ్మినా నమ్మకపోయినా మా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఆ కథ చెప్పాల్సిందే. వారానికి రెండుసార్లు రీడింగు, ఆరిపోయిన దీపం, ఆగిపోయిన చక్రం, పాట, చివరికి ఆ అమ్మాయితోనే పెళ్ళి. నేను కథ మొదలుపెట్టగానే మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయేది. "చూశారా, ఇన్నేళ్ళయినా సిగ్గు పోలేదు" అని నేను కన్ను గీటేవాణ్ణి.

సరే, జాబితా సంగతికొస్తాను. దాని కింద నాలుగు పేరాల జవాబు ఒంటివేలితో టైపు చేసి, చివర "ఇట్లు, రచయిత" అని పెట్టాను. పది నిమిషాల్లో ఎవరో "జానపదం గారికి నమస్కారం, మీ వయసు ఎన్ని వందల ఏళ్ళు?" అని రాశారు. ఆ పూట భోజనానికి కూర్చున్నప్పుడు కూడా నేను ఆ పాటే గట్టిగా పాడుతున్నాను, పట్టుదల కొద్దీ.

మా అమ్మాయి గరిటె కింద పెట్టింది. దానికి ఇరవయ్యేడేళ్ళు. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. సూది గుచ్చినట్టే తెలియదని పేషెంట్లు దాని దగ్గరికే వెళ్తామని పట్టుబడతారు.

"నాన్నా, ఆ పాట కొన్నాళ్ళు ఇంట్లో పాడకు."

"ఎందుకు పాడకూడదు?"

"నాకు భయమేస్తోంది."

"నువ్వు కూడా ఆ జాబితా బాపతేనా?" అని నేను పళ్ళెం ముందుకు తోశాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ వద్దన్నట్టు తలూపింది. వాళ్ళిద్దరూ ఏదో దాస్తున్నారని నాలాంటి మొద్దుకు కూడా తెలిసి ఉండాలి. నేను మాత్రం నా పాటను అవమానించినందుకు ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటే సరిపోతుందో అని లెక్కవేసుకుంటున్నాను. మూడు రోజులని తేల్చాను.

రెండో రోజు సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని, స్పీకరు పెట్టుకుని, వీధి వీధంతా వినేలా పాత క్యాసెట్టు పాటే పెట్టాను. ఎదురుగా మందుల షాపు ముందు ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. కొరియర్ కంపెనీ చొక్కా, మెళ్ళో బ్యాడ్జి. కాసేపు విని, రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, ఇది పాతది కదా? కొత్తదానికంటే ఇదే బావుంటుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "రా బాబూ, కూర్చో. ఇది ఎవరు రాశారో తెలుసా?"

"జానపదం అనుకుంటా."

"ఆ జానపదాన్ని నేనే."

అతను నవ్వలేదు, తల కదపొద్దనలేదు. కుర్చీ అంచున కూర్చుని, "నిజంగానా అంకుల్? ఎవరికోసం రాశారు?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి నన్ను ఎవరో ఆ ప్రశ్న అడిగారు. ఇక నేనాగుతానా? చక్రం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. మంచినీళ్ళిచ్చాను. లోకం వినని మూడో చరణం ఉందని చెప్పి, రాగం తీసి మరీ వినిపించాను:

"దీపమార్పి దాక్కున్నా నీ ఊపిరి నాకు దారి చూపుతుంది
తలుపు గడియ వేసుకున్నా నా నీడ ముందే లోపలుంటుంది"

"మళ్ళీ చెప్పండి అంకుల్" అని ఫోనులో టైపు చేసుకున్నాడు. ఒత్తులు కూడా సరిచూసుకున్నాడు. తర్వాత అడిగాడు, "మరి ఆ అమ్మాయి ఒప్పుకోకపోతే ఏం చేసేవారు?"

"మొదట్లో ఎవరు ఒప్పుకుంటారు బాబూ? తలుపులేసుకుంటారు, దీపాలార్పుతారు. అదంతా సిగ్గు. మనం వదలకూడదు."

"వదలను అంకుల్" అన్నాడు.

నేను వాడి భుజం తట్టి పంపించాను. ఆ రాత్రి చాలా హాయిగా నిద్రపోయాను.

మర్నాడు సాయంత్రం మా అమ్మాయి ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటగదిలోకి వెళ్ళింది. ఫోను వాళ్ళమ్మ చేతిలో పెట్టి, "ఇవాళ ఇది పంపాడు. ఇది పాటలో లేదు. వాడే సొంతంగా రాయడం మొదలుపెట్టాడేమో" అంది. మా ఆవిడ చదివింది. చదివి, గట్టు పట్టుకుని నిలబడింది.

"ఇది కూడా పాటలోదే. వాడికెలా తెలిసింది?" అంది.

నేను వెనకనుంచి తొంగి చూశాను. నా మూడో చరణం! ఒక్క అక్షరం తప్పు లేదు. "అరె, ఇది నాదే! ఎవరు పంపారు?" అన్నాను. ఒక్క క్షణం సంతోషించాను. ఆ క్షణానికి నన్ను ఎవరేం చేసినా తప్పులేదు.

అప్పుడు చెప్పారు ఇద్దరూ. రెండు నెలలుగా ఎవడో రోజూ మా అమ్మాయికి నా పాట పంపుతున్నాడు. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి. ఫోను నా చేతికిచ్చింది. పైనుంచి కిందిదాకా చదివాను. "ఇవాళ నీలం గొడుగు మర్చిపోయావు. నువ్వు వేసిన అడుగుల లెక్క నాకు తెలుసు." "ఏడో నంబరు బస్సు మానేశావేం? ఎటు వెళ్ళినా నీ వెనకే నేనుంటా." "నిన్న తొమ్మిది నిమిషాలు ఆలస్యం." "మీ ల్యాబు వెనక తలుపుకి కూడా గడప ఉంది. నీ గడపే కాస్తుంటా." అరవైకి పైగా ఉన్నాయి. ఆ పాట నేను కొన్ని వేలసార్లు పాడి ఉంటాను. దాన్ని నేను మొదటిసారి విన్నది ఆ వంటగదిలో నిలబడి.

మూడు వారాల క్రితం తల్లీకూతుళ్ళు నాకు చెప్పకుండా పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్ళొచ్చారట. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటరు అంతా చూసి, "పాటే కదమ్మా పంపాడు. ఇందులో బెదిరింపేముంది? నా ఫోనుకి కూడా ఇదే పెట్టుకున్నాను" అని వినిపించి మరీ పంపించాడట. నంబర్లన్నీ ఎవరెవరి పేర్ల మీదో ఉన్నాయి, ఫలానావాడు పంపాడని ఎలా చెబుతారు అన్నాడట. మా అమ్మాయి డ్యూటీ వేళలు మార్చుకుంది. మధ్యాహ్నం భోజనం సామాన్ల గదిలో తింటోంది. ఆ రోజు చివరి మెసేజి చూశాక ల్యాబు మేనేజరుకి ఇక రానని చెప్పొచ్చింది. ఆయన రెండు రోజులు ఆలోచించుకోమన్నాడట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను మా ఆవిడతో.

"చెబితే మీరు పాట గురించి మాట్లాడతారని."

ఆవేశంగా కర్ర కోసం ఇల్లంతా వెతికాను. మా ఇంట్లో కర్ర లేదు. బూజుకర్ర దొరికింది. అది పట్టుకుని గుమ్మం దాటబోతుంటే మా ఆవిడ అడ్డం వచ్చి, "ఎక్కడికి, వాడింట్లో బూజు దులుపుతారా? వాడెవరో మీకు తెలుసా?" అంది.

తెలుసు. అదే కదా నా ఖర్మ. వరండాలో కుర్చీ వేసిందీ, నీళ్ళిచ్చిందీ, చరణం రెండుసార్లు చెప్పిందీ అన్నీ ఒప్పుకున్నాను. మా అమ్మాయి గోడకు ఆనుకుని విన్నది.

"కొరియర్ వాడా? మా ల్యాబు ఎదురుగానే వాళ్ళ ఆఫీసు" అని, "ఇంకేం చెప్పావు నాన్నా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "వదలొద్దని చెప్పాను."

అది తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు విని నేను చేతిలో బూజుకర్రతో అలాగే నిలబడ్డాను.

కాసేపటికి మా ఆవిడే అంది, "ఆ చరణం మనిద్దరికి తప్ప ఎవరికీ తెలీదు కదా? మీరు వాడొక్కడికే చెప్పారు కదా?" అవునన్నాను. "అయితే పంపింది వాడేనని తేలిపోయింది. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్దాం." నేను రాసిన పాటను నాకంటే బాగా వాడుకోవడం ఆవిడకు తెలిసింది.

పదింటికల్లా ముగ్గురం స్టేషన్‌లో ఉన్నాం. ఇన్‌స్పెక్టరు కొత్తగా వచ్చిన ఆవిడ. బాగా జలుబు చేసి ఉంది, బల్ల మీద రుమాళ్ళ కుప్ప. పక్క బల్ల దగ్గర రైటరు, కాగితాలు సర్దుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఏ రాగమో వేరే చెప్పాలా?

"మళ్ళీ వచ్చారా?" అన్నాడు మా అమ్మాయిని చూసి. తర్వాత నాతో, "మీరే చెప్పండి పెద్దాయనా. లోకమంతా పాడుకునే ప్రేమపాట ఇది. ఇందులో భయపడాల్సిందేముంది?"

నా పాటకు అర్థం చెప్పమని ఎవరైనా అడుగుతారా అని ముప్ఫై ఏళ్ళు ఎదురుచూశాను. ఇదిగో, ఇన్నాళ్ళకు అడిగారు. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాను.

"'ఎటు వెళ్ళినా నీ వెనకే నేనుంటా' అంటే, నువ్వు బస్సు మార్చినా లాభం లేదని. 'ఎవరొద్దన్నా' అంటే, నువ్వు వద్దన్నా సరేనని. ఆ ఎవరిలో ఆ అమ్మాయి కూడా ఉంది. 'మూసిన తలుపుల లెక్క' అంటే, తను రానివ్వడంలేదని వాడికి బాగా తెలుసని. తెలిసి కూడా వస్తున్నాడని. ఇందులో ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడే చోటు లేదండీ. నేను పెట్టలేదు."

రైటరు కూనిరాగం ఆగింది. ఇన్‌స్పెక్టరు ముక్కు తుడుచుకుని, "మీరు పెట్టలేదంటే?" అంది.

"ఈ పాట రాసింది నేను."

"జానపదం కదండీ?" అన్నాడు రైటరు.

నేను మూడో చరణం సంగతి, కొరియర్ కుర్రవాడి సంగతి చెప్పాను. వదలొద్దని సలహా ఇచ్చిన సంగతి కూడా చెప్పాను. ఇన్‌స్పెక్టరు శ్రద్ధగా విన్నది. విని, "ఆ చరణం మీరు ముందే రాశారని, బయట ఎక్కడా లేదని తేలితే ఇది గట్టి ఆధారమే. కానీ మీరే రాశారని నేనెలా నమ్మాలి? క్యాసెట్టు మీద మీ పేరు లేదంటున్నారు. నిన్న వాడు పంపినదాన్ని చూసి ఇవాళ మీరు నాదే అనొచ్చు కదా?" అంది.

నా దగ్గర ఏమీ లేదు. లైన్‌మన్ పోయి పదేళ్ళయింది. రాతప్రతి దాచుకోవాలన్న జ్ఞానం నాకు అప్పుడు లేదు. మా అమ్మాయి తల దించుకుని ఫోను చేతిలో తిప్పుతోంది. మేనేజరు ఇచ్చిన రెండు రోజుల్లో ఒకటి ఇక్కడే గడిచిపోయేలా ఉంది.

అప్పుడు మా ఆవిడ చేతిసంచీ తెరిచింది. లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కవరు, కవరులోంచి గుండుసూదితో కలిపి గుచ్చిన రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటిది మా డిపార్టుమెంటు రీడింగు స్లిప్పు. దాని మీద మీటరు నంబరు, తేదీ, నా పొట్టి సంతకం ఉన్నాయి. వెనక వైపు పెన్సిలుతో పాట, మూడు చరణాలూ. రీడింగు కార్డు వెనక దోపి వచ్చింది నేనే. ఆవిడ దాన్ని ఇన్నేళ్ళు దాచుకుందని చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత ప్రేమ, అనుకున్నాను. నాలాంటివాడు అంత తొందరగా మారడు.

ఇన్‌స్పెక్టరు తేదీ చూసింది, చేతిరాత చూసింది. తర్వాత రెండో కాగితం తిప్పి, "ఇదేంటమ్మా?" అంది.

"మా అమ్మ రాసింది. పోస్టు చెయ్యలేదు" అంది మా ఆవిడ.

ఇన్‌స్పెక్టరు పైకే చదివింది.

"అసిస్టెంటు ఇంజనీరు గారికి. అయ్యా, మా ఇంటికి రీడింగు తీయడానికి వచ్చే మనిషి ఈ నెలలో ఆరుసార్లు వచ్చాడు. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడుతున్నాడు. మేము కరెంటు దొంగతనం చేయడంలేదు. కావాలంటే మీరే వచ్చి చూసుకోండి. అతను మెట్లెక్కే చప్పుడు వినగానే మా అమ్మాయి దీపం ఆర్పేసి ఇస్త్రీబల్ల కింద కూర్చుంటోంది. ఈ కాగితం మీటరు కార్డు వెనక పెట్టి వెళ్ళాడు. ఇది చదివాక పిల్ల పడుకోవడంలేదు. దయచేసి వేరే మనిషిని పంపండి."

నేను మా ఆవిడ వైపు చూడలేకపోయాను. వరండా, కిటికీ, నిలబడిపోయిన చక్రం నా కళ్ళముందు కనబడుతున్నాయి. గోడకు అవతల బల్ల కింద ఒక పిల్ల ముడుచుకుని కూర్చుంది. ఇవతల నేను పాట కడుతున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు రైటరుని పిలిచి ఫిర్యాదు రాసుకోమంది. ఈసారి అతను మాట్లాడకుండా రాసుకున్నాడు. స్లిప్పు ఆధారంగా జతచేశాడు. గుండుసూది తీసి ఉత్తరాన్ని విడిగా పట్టుకుని, నా ముఖం చూస్తూ, "ఇది అక్కర్లేదనుకుంటా పెద్దాయనా. ఫైల్లో పడితే మీ గురించి కూడా ఉండిపోతుంది. తీసేయమంటారా?" అన్నాడు, సాటి మగవాడి మీద జాలితో.

"ఆ పాట చదివితే ఏమవుతుందో అందులోనే రాసుంది. జతచేయండి" అన్నాను.

రచయితగా నా పేరు ఒక అధికారిక కాగితం మీదికి ఎక్కడం జీవితంలో అదే మొదలు. సంతకం పెట్టాను. మధ్యాహ్నంలోపు ఇద్దరు కానిస్టేబుళ్ళు వెళ్ళి వాణ్ణి పట్టుకొచ్చారు. ల్యాబు ఎదురుగానే నిలబడి ఉన్నాడట. వాడి ఫోనులో నా చరణం, జేబులో నాలుగు సిమ్‌కార్డులు దొరికాయి. వాడు నన్ను చూసి, "అంకుల్, మీరైనా చెప్పండి" అన్నాడు. వాడికి అర్థమయ్యేలా ఏం చెప్పాలో నాకు తోచలేదు. నాకే ముప్ఫై ఏళ్ళు పట్టింది. మా అమ్మాయి వాడికేసి సూటిగా చూసి, రసీదు తీసుకుని, అక్కడే మేనేజరుకి ఫోను చేసి రేపు డ్యూటీకి వస్తానని చెప్పింది.

బయట బస్‌స్టాపులో బెంచీ మీద కూర్చున్నాం. మా అమ్మాయి మాకు నీళ్ళ బాటిలు తేవడానికి అవతలి షాపుకి వెళ్ళింది.

"ఆ ఉత్తరం ఎందుకు పంపలేదు?" అని అడిగాను.

"పంపుదామనుకున్న వారంలోనే మీ మేనత్త సంబంధం తీసుకొచ్చింది."

"అంత భయపడుతూ ఎందుకు ఒప్పుకున్నావు?"

"పెళ్ళి చేసుకుంటే కనీసం మీరెక్కడున్నారో తెలుస్తుంది కదా అనుకున్నాను."

ఆవిడే కొంచెం నవ్వింది. "తర్వాత పోయిందిలెండి భయం. బల్లిని చూసి మంచమెక్కి కేకలేసే మనిషికి ఎన్నాళ్ళని భయపడతాను? కానీ అంతకుముందు తెలీదు కదండీ."

"నన్ను క్షమించు. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు" అన్నాను. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? కథంతా మీరే చెప్పేవారుగా."

"ఇప్పుడు చెప్పు. నేనేమీ మాట్లాడను."

నమ్మకం కుదిరేదాకా నా ముఖంలోకి చూసింది. తర్వాత చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, "మీరు మొదటిసారి వచ్చినరోజు నేను ఎవరిదో స్కూలు యూనిఫాం కుడుతున్నాను" అని మొదలుపెట్టింది. మా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. రెండుచోట్ల అలా కాదు, ఇలా జరిగిందని సరిదిద్దబోయి, నోరు మూసుకున్నాను.